వాగు చప్పుడు ఎడమ చెవికి

నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉంది. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. బస్సులో ఒక గంట నా పక్కన కూర్చున్న వాళ్లకి కూడా తెలిసిపోతుంది. అలాంటి నన్ను ఒక చలికాలపు పొద్దున, మనిషి అలికిడి లేని లోయలో, తొమ్మిది గంటల నుంచి నాలుగింటి దాకా నోరు మూసుకుని నడవమన్నారు. అదీ ఎర్రసిరా వెనకాల.

ఎర్రసిరా ఎవరో చెప్పాలంటే ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి. మేం కాలినడక పుస్తకాలు వేస్తాం. సెలవు రోజున ఊరు దాటి, ఏ కొండ పక్కకో వెళ్లి నాలుగు గంటలు నడిచి రావాలనుకునే వాళ్ల కోసం ఎక్కడ బస్సు దిగాలి, ఎక్కడ మలుపు తిరగాలి, ఏ గేటు తీసి మళ్లీ వేయాలి, అన్నీ వరసగా రాసిపెట్టిన చిన్న పుస్తకాలు. రాసేవాళ్లం నలుగురం. దిద్దేది మాత్రం ఆమె ఒక్కతే. ఆమె చేతిలో ఎర్రసిరా పెన్ను ఎప్పుడూ మూత తీసే ఉంటుంది. నేను 'బంగారు ఎండ పరుచుకున్న మెత్తటి గడ్డి మైదానం' అని రాస్తే, ఆమె దగ్గర నుంచి 'మైదానం' అని తిరిగి వచ్చేది. అందుకే ఆఫీసులో ఆమె పేరు ఎర్రసిరా, నా పేరు విశేషణం. రెండు పేర్లూ పెట్టింది ప్రూఫులు చూసే అంకులే.

ఆఫీసు నడిపేది ఆమె బాబాయి. ఒకప్పుడు స్కూల్లో భూగోళం చెప్పిన మనిషి కాబట్టి అందరం మాస్టారు అంటాం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. రూట్ రాసినవాడు, ఆ దారి ఎన్నడూ చూడని మనిషి చేతికి కాగితం ఇచ్చి పదడుగుల వెనక నడవాలి. ముందు నడిచే మనిషి సొంత తెలివి వాడకూడదు, కాగితంలో ఉన్నదే చేయాలి, తనకు తోచిందల్లా పైకి అనాలి. వెనకవాడు ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. చెయ్యి చూపించకూడదు, తల ఆడించకూడదు, దారిలో కనిపించిన వాళ్లతో కూడా మాట్లాడకూడదు. ముందు మనిషి తప్పు తనంతట తాను కనిపెడితే కాగితం దిద్దుకోవచ్చు. వెనకవాడు నోరు విప్పితే మాత్రం రూట్ రద్దు.

ఇదేం చోద్యమండీ అని నేను మొదటి రోజే అడిగాను. మాస్టారు కళ్లజోడు పైనుంచి చూసి, "పుస్తకం కొన్నవాడి వెనక నువ్వు నడుస్తావా?" అన్నారు.

కొత్తగా చేరినవాడు ఆరు నెలల్లో మూడు రూట్లు రాయాలి. మూడింటిలో ఒక్కటైనా నెగ్గాలి. నా మొదటి రూట్‌లో ప్రూఫుల అంకుల్ ఒక గుమ్మడి తోటలో గంటసేపు గుండ్రంగా తిరిగారు. రెండో రూట్‌లో దారి సరిగ్గానే ఉంది, నేనే సరిగ్గా లేను. ఆయన పేడలో కాలు వేయబోతుంటే "చూసుకోండి" అన్నాను. అంతే, రద్దు. ఇక మిగిలింది ఈ లోయ. ఇది పోతే నేను ఆఫీసు వదిలి వెళ్లిపోవాలి. ఉద్యోగం ఇంకొకటి దొరుకుతుందిలెండి, అది నా బాధ కాదు. పొద్దున తొమ్మిదిన్నరకి తడి జడ భుజం మీంచి వెనక్కి విసిరి, నా కాగితం మీద ఒంగి, పెదవి కొరుక్కుంటూ ఒక్కొక్క మాటే కొట్టేసే మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది? ఆరు నెలలుగా ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. లోకంలో అన్నీ వాగే నా నోరు ఆ ఒక్క మాట దగ్గర మొరాయిస్తుంది.

అందుకే, ఈసారి ముందు నడిచేది ఆమె అని తెలిసిన రోజున నేను మాస్టారి గదిలోకి వెళ్లి, "ఆమె తప్ప ఎవరైనా ఫర్వాలేదండీ" అన్నాను. ఆయన కారణం అడిగారు. నేను నీళ్లు నమిలాను. వెనక్కి తిరిగి చూస్తే, పుస్తకాల బీరువా పక్కన, చేతిలో ఫైలుతో, ఆమె.

మర్నాడు తెల్లవారి బస్సులో ఆమె ముందు సీటులో కూర్చుంది, నేను వెనక సీటులో. రెండు గంటల ప్రయాణంలో ఆమె మెడ ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

మేం దిగేసరికి లోయ సగం నీడలో ఉంది. తూర్పు కొండ మీంచి ఎండ ఇంకా కిందికి దిగలేదు. పడమటి వాలు మాత్రం వెలిగిపోతోంది, ఆ వెలుగు గీత చూస్తుండగానే కిందికి జారుతోంది. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని కాలు పెడితే కరకరమంటోంది. ఆకులు రాలిన చెట్లు సన్నటి కొమ్మలతో నిలబడ్డాయి. ఎక్కడో ఒకే ఒక్క ఇంటి పొగ నిటారుగా పైకి పోతోంది. నా నాలుక దురద పెట్టింది. ఇంత అందమైన చోట మాట్లాడకూడదనడం అన్నం ముందు పెట్టి చేతులు కట్టేయడమే.

ఆమె చేతి గడియారం చూసింది. "తొమ్మిది అయింది. ఇక మొదలు" అని కాగితం విప్పింది. అప్పటి నుంచి నేను మూగవాణ్ణి.

మొదటి గంట బాగా గడిచింది. రాతి వంతెన దాటింది, గేటు తీసి నాకోసం ఆగకుండా వేసేసింది, పొదల్లో ఎర్రటి పళ్లు చూసి ఒక్క క్షణం నిలబడింది. ఎండ మా దాకా వచ్చాక స్వెటరు చేతులు పైకి లాక్కుంది. చలిలో ఆమె ముక్కు చివర ఎర్రబడింది. నేను నోట్‌బుక్‌లో 'వంతెన - సరే', 'గేటు - సరే' అని రాశాను. ముక్కు గురించి రాయలేదు, ఎందుకంటే ఆ నోట్‌బుక్ సాయంత్రం మాస్టారి బల్ల మీదికి వెళ్తుంది.

నాలుగో మలుపు దగ్గర ఆమె ఆగింది. వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టింది.

"రాసుకోండి. నాలుగో మలుపు, సరే. నడిచే మనిషికి తోచిందేమిటంటే, ఈ రూట్ రాసినాయనకి ఈ మనిషి అంటే పడదు. తను అన్యాయంగా దిద్దుతుందని ఆయన ఉద్దేశం. రాశారా?"

నేను నిలబడిపోయాను. నడిచే మనిషి అన్నదల్లా రాయాలనేది నియమం. రాయకపోతే అదీ తప్పే. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా రాశాను.

"చూపించండి." చూపించాను. 'అన్యాయంగా' అన్న మాట స్పష్టంగా లేదంది. దాన్ని మళ్లీ రాశాను.

ఆ తర్వాత ప్రతి మలుపుకీ ఒక మాట. ఐదో మలుపులో, మనిషి మీద ఫిర్యాదు ఉంటే మొహం మీద చెప్పాలి గానీ బాబాయికి చెప్పడమేమిటని అడిగింది. ఆరో మలుపులో, అంత వద్దనుకునేంత పాపం తనేం చేసిందో తెలిస్తే బాగుండేదంది. గొంతు మామూలుగానే ఉంది గానీ ఆ మాట తర్వాత ఆమె నడక వేగం పెంచింది. జవాబు నా నాలుక చివర ఉంది. ఒక్క మాట, అంతే, ఆమె కోపం పోతుంది. ఆ ఒక్క మాటతోనే నేనూ పోతాను.

పొగ వస్తున్న ఇంటి ముందు ఒక ముసలమ్మ గొర్రెలకు గడ్డి వేస్తోంది. మమ్మల్ని చూసి సంతోషపడి, ఎక్కడి నుంచి వస్తున్నారని నన్నే అడిగింది. నేను నవ్వాను. టైమెంతయిందని అడిగింది. గడియారం ఉన్న చెయ్యి చూపించడం కూడా చెయ్యి చూపించడమే అవుతుందేమోనని జేబులో పెట్టుకున్నాను. ముసలమ్మ నా వంక జాలిగా చూసి, ఆమె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"పాపం, మాటలు రావా అమ్మా? మీ ఆయనా?"

"కాదండీ. నా వెనక పడ్డాడు, అంతే."

ముసలమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. మాట్లాడని మగవాడు దొరకడం కష్టమనీ, తన మొగుడు బతికున్నంతకాలం గొర్రెలక్కూడా ఉపన్యాసాలు ఇచ్చేవాడనీ, కాస్త ఆలోచించుకోమనీ చెప్పింది. ఆమె ఆలోచిస్తానంది. ఆ రోజు మొదటిసారి ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. వెంటనే నా మొహం చూసి దాన్ని మింగేసింది.

పన్నెండున్నరకి రాతితో కట్టిన గొర్రెల దొడ్డి గోడ మీద కూర్చుని ఆమె ఫ్లాస్క్ మూత తీసింది. టీ ఆవిరి, ఆమె ఊపిరి ఆవిరి కలిసిపోయాయి. నేను పదడుగుల దూరంలో ఒక బండ మీద కూర్చుని నారింజ వలుచుకున్నాను. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. లోయ మొత్తం మా కింద పరుచుకుని, ఒక్క శబ్దం లేకుండా ఉంది. ఆమె కాసేపు చూసింది. తర్వాత కాగితంతో చెబుతున్నట్టు, చోటు మాత్రం చాలా బాగుంది, రాసినాయన ఎలాంటివాడైనా, అంది. అదీ రాసుకున్నాను.

అప్పుడే ఎగువ నుంచి పొగమంచు దిగడం మొదలైంది.

అక్కడి నుంచి ఏడో సూచన. ఆమె పైకి చదివింది. "దొడ్డి దాటాక వాగు చప్పుడు ఎడమ చెవికి వినిపించేలా నడవండి. చప్పుడు ఆగిన చోట కుడికి తిరగండి."

ఆ వాక్యం మీద నాకు చాలా గర్వం ఉండేది. చెవితో దారి చెప్పినవాడు మా ఆఫీసులో ఇంకొకడు లేడు. నేను ఈ లోయకి వచ్చింది వానల చివర. అప్పుడు వాగు హోరుమని మోగేది, మైలు దూరం దాకా చెవిలోనే ఉండేది. విరిగిన కొమ్మ వేలాడుతున్న ఒక ముళ్ల చెట్టు దగ్గర, వాగు గుట్ట వెనక్కి తిరిగిపోతే, ఎవరో తలుపు వేసినట్టు చప్పుడు ఆగిపోయేది.

ఇప్పుడు వాగు చిక్కిపోయి, రాళ్ల మధ్య గుసగుసలాడుతోంది. రెండు వందల అడుగులైనా వెళ్లకముందే ఆమె ఆగి తల పక్కకి వంచింది. నేనూ విన్నాను. ఏమీ లేదు. "చప్పుడు ఆగింది" అంది ఆమె. కుడివైపు నిజంగానే ఒక కాలిబాట ఉంది. అటు తిరిగింది.

ముళ్ల చెట్టు లేదు. విరిగిన కొమ్మా లేదు. తప్పు దారి అని నాకు ఆ క్షణమే తెలిసింది.

ఇక్కడ నేను చేసిన పని దాచను. నోరు విప్పలేదు. ఎనిమిదో సూచనలో నలభై అడుగుల్లో రాతిగోడ వస్తుందని ఉంది కదా, ఇక్కడ గోడ ఉండదు, ఆమే ఆగుతుంది, తప్పని తనే చెబుతుంది, వెనక్కి వస్తాం, కాగితం దిద్దుకుంటాం, నా రూట్ బతుకుతుంది అని లెక్క వేసుకున్నాను. నా స్వార్థం నేను చూసుకున్నాను.

నలభై అడుగుల్లో రాతిగోడ వచ్చింది.

మంచు అప్పటికి మమ్మల్ని మింగేసింది. పదడుగుల దూరంలో ఆమె స్వెటరు రంగు మాత్రమే కనిపిస్తోంది. "గోడ, సరే" అన్న గొంతు వినిపించింది. ఆమె గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తోంది. ఈ గోడ ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు? నా చొక్కా లోపల చెమట పట్టింది. గోడ పక్కన రాళ్ల కుప్ప ఒకటి కనిపించింది. తర్వాత ఇంకొకటి. అవి గుండ్రటి వాగు రాళ్లు కావు. అంచులు పదునుగా, పగలగొట్టిన రాళ్లు.

వానల్లో వచ్చినప్పుడు లోయ అవతలి వైపు నుంచి ఇటు కొండను చూసిన సంగతి గుర్తొచ్చింది. కొండలో సగం లేదు. ఎప్పుడో రాయి తవ్వుకుని వదిలేసిన పాత క్వారీ.

"తొమ్మిదో సూచన" అని ఆమె చదువుతోంది. "గోడ తెగిన చోట కిందికి దిగండి. గోడ తెగింది. సరే."

"ఆగండి!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పరుగెత్తి ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు, ఏదో పోగొట్టుకున్న మనిషి చూపు అది.

"మాట్లాడేశారు" అంది మెల్లగా.

నేను ఒక రాయి తీసి గోడ సందులోంచి తెల్లటి మంచులోకి విసిరాను. ఒకటి, రెండు, మూడు అని మనసులో అనుకున్నాను. అప్పుడు వినిపించింది, చాలా కింద నుంచి. ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. పదడుగుల దూరం ఇక అక్కర్లేదు.

ఆమె కళ్లు తుడుచుకుంది. భయపడి ఏడుస్తోందనుకున్నాను. కాదు.

"మీ రూట్ పోయింది. ఇంకో రెండడుగులు ఆగి ఉంటే నేనే చూసేదాన్ని. నేను కనిపెడితే దిద్దుకునేవాళ్లం. మీరు ఉండేవాళ్లు."

"చూడకపోతే?"

"చూసేదాన్ని."

"చూడకపోతే?"

నేను ఉన్నమాట చెప్పేశాను. దారి తప్పిన సంగతి కుడికి తిరిగినప్పుడే తెలుసనీ, ఉద్యోగం కోసం నూరడుగులు నోరు మూసుకున్నాననీ, ఆ నూరడుగులకి ఆమె నన్ను ఎంత తిట్టినా తక్కువేననీ చెప్పాను. ఆమె విన్నది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"ఎలాగూ రద్దయిందిగా" అంది. "ఇక మాట్లాడండి. నన్నెందుకు వద్దనుకున్నారు?"

పొద్దున్నుంచి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి. మంచు మా మొహాల మీద చల్లగా తగులుతోంది. నా రాతలో విశేషణాలకి కొదవలేదు, ఆ క్షణంలో ఒక్కటీ దొరకలేదు.

"మీరంటే ఇష్టం. ఏడు గంటలు మీ వెనక నడిస్తే ఎక్కడో ఒకచోట నోరు జారి అదే చెప్పేస్తానని భయమేసింది. చెబితే రూట్ పోతుంది. రూట్ పోతే మీరు కనపడరు."

ఆమె తల దించుకుని కాగితం మడతలు సవరించింది. నాకు మాత్రం ఆ క్వారీ అంచున నిలబడ్డట్టే ఉంది.

"ఎదుటి కొండను ఎవరో ఆకలేసి సగం కొరికి, సిగ్గుపడి వదిలేసినట్టుంది" అంది ఉన్నట్టుండి.

నేను అర్థంకాక చూశాను.

"మీరు రాసిందే. ఈ క్వారీ గురించి. మొదటి పేజీ చివర ఉండేది, నేను కొట్టేశాను. బంగారు ఎండ కూడా నేనే కొట్టేశాను. అన్నీ నోటికి వచ్చు నాకు. కొట్టేయబోయే ముందు రెండుసార్లు చదువుకుంటాను. మీ కాగితం వచ్చిన రోజు పని ఆలస్యం అవుతుందని మా అమ్మ కూడా కనిపెట్టింది." ఒక్క క్షణం ఆగింది. "అంత ఇష్టంగా చదివే మనిషిని వద్దన్నారని విన్నాక ఎలా ఉంటుంది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె చెయ్యి అక్కడే, నా చెయ్యి పక్కనే, చల్లగా ఉంది. పట్టుకున్నాను. ఆమె వెనక్కి తీసుకోలేదు.

అంతలో ఆమె చూపు ఏడో సూచన మీద పడింది. చెయ్యి బిగుసుకుంది.

"ఇక్కడ ఇంకో మాట ఉండేది కదూ?"

నేను మంచులోకి చూశాను.

"వానల్లో హోరెత్తే వాగు చప్పుడు. అదీ మీరు రాసింది. వానల్లో హోరెత్తే అన్నది నేను కొట్టేశాను, అలంకారం అనుకుని. అది ఉండి ఉంటే, చలికాలంలో చప్పుడుని నమ్ముకోకూడదని ఎవరికైనా తెలిసేది." ఆమె నా వైపు తిరిగింది. "మీకు ఇందాకే తెలుసా?"

"మలుపు దగ్గర తెలిసింది."

"మరి ఇంతసేపూ చెప్పలేదేం? తప్పంతా మీదేనని కూర్చున్నారు."

వానల్లో అయినా చలికాలంలో అయినా దారి చెప్పాల్సింది వాగుని నమ్ముకుని కాదనీ, ముళ్ల చెట్టు గురించి ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేదనీ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ చర్చ మేం గోడ పట్టుకుని వెనక్కి నడిచినంతసేపూ సాగింది. తప్పు నాదంటే నాదని ఇద్దరు పోట్లాడుకోవడం మా ఆఫీసులో అదే మొదలు. వాగు దగ్గరికి వచ్చేసరికి మంచు కాస్త పలచబడింది. బూడిదరంగు వెలుగులో తడి రాళ్లు మెరుస్తున్నాయి, ఒక పిట్ట ఎక్కడో చెట్టు బెరడు కొడుతోంది. పక్కపక్కనే నడుస్తూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. విరిగిన కొమ్మ ముళ్ల చెట్టు చూపించాను. పొద్దున చెప్పలేకపోయిన ఎండ గురించి చెప్పాను. ఆమె ముక్కు గురించి కూడా చెప్పాను.

బస్సెక్కాక ఆ సంతోషం కొంచెం కొంచెంగా దిగిపోయింది. ఆమె సంచిలోంచి రిపోర్టు ఫారం తీసింది. దాని చివరి ప్రశ్న ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. 'రచయిత నోరు విప్పాడా? అవును. లేదు.' ఒకదాన్ని కొట్టేసి సంతకం పెట్టాలి. ఆ లోయలో మమ్మల్ని చూసింది గొర్రెలూ ముసలమ్మా. ఆ ముసలమ్మని అడిగితే నేను పుట్టు మూగనని ప్రమాణం చేసి చెబుతుంది.

ఆమె పెన్ను ఆ గీత మీద నిలబడిపోయింది. బస్సు కుదుపులకి నిబ్బు వణుకుతోంది. ఆ ఫారంలో ఆమె ఎన్నడూ అబద్ధం రాయలేదని నాకు తెలుసు. నాకోసం రాస్తుందేమోనని భయపడ్డాను, రాస్తే బాగుండునని అంతకంటే ఎక్కువ ఆశపడ్డాను, ఆ ఆశకి నా మీద నాకే కోపం వచ్చింది.

"ఉన్నది రాయండి" అన్నాను.

"రాస్తే మీరు రేపు రారు."

"ఆ పుస్తకం పట్టుకుని చలికాలంలో ఎవరో ఒకరు ఆ గోడ పక్కన నడుస్తారు. వాళ్ల వెనక నేనుండను."

ఆమె నా వంక ఒకసారి చూసి 'లేదు' కొట్టేసింది. దాని కింద నాలుగు వాక్యాలు రాసింది. మాట కొట్టేసింది తనేనని రాసింది. ఒక్క విశేషణం కూడా వాడలేదు. మిగతా ప్రయాణంలో కిటికీ బయటికే చూసింది. ఈసారి మాత్రం నా పక్క సీట్లోనే.

ఐదున్నరకి మాస్టారి గదిలో దీపం వెలుగుతోంది. ఆయన ఫారం చదివారు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, నాలుగో మలుపు దగ్గర కళ్లజోడు సవరించుకుని, ఐదో మలుపు దగ్గర అన్న కూతురి వైపు చూసి, ఆరో మలుపు దగ్గర చాలాసేపు ఆగారు. దొడ్డి దగ్గరి మాట తర్వాత పేజీ ఖాళీగా ఉంది. గోడ గడియారం నా గుండె కంటే నెమ్మదిగా కొట్టుకుంటోంది.

తప్పు తనదని ఆమె చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నీ తప్పు నీకు వేరే ఉంది. రేపు పొద్దున నువ్వు కొట్టేసిన మాటలన్నీ మళ్లీ కూర్చుని చూస్తావు, అన్ని పుస్తకాల్లోవీ." నా వైపు తిరిగారు. "బాబూ, నోరు విప్పినందుకు నిన్ను తీసేస్తున్నాను. విప్పకపోయి ఉంటే మెడపట్టి గెంటేవాణ్ణి. నాకు నియమం ఒకటే, ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. రేపటి నుంచి రానక్కర్లేదు."

"అలాగేనండీ" అన్నాను. నేను అన్నిటికంటే భయపడిన మాట అదే. విన్నాక కాళ్లు తేలికయ్యాయి. నోట్‌బుక్ బల్ల మీదే వదిలి తలుపు దాకా వెళ్లాను.

"బాబాయ్" అంది ఆమె. ఆఫీసు గొంతు కాదు అది, ఇంట్లో పిలుపు. "రేపటి నుంచి ఆఫీసుకి రాడు, సరే. ఆదివారం మనింటికి రమ్మన్నాను. నాన్నతో నువ్వే చెప్పాలి."

నన్ను రమ్మన్న సంగతి నాకే అప్పుడు తెలిసింది. తలుపు గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

మాస్టారు ఆమెను చూశారు, నన్ను చూశారు, ఆరో మలుపు మళ్లీ ఒకసారి చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. భూగోళం మాస్టారూ ఆఫీసు పెద్దా ఇద్దరూ ఆ కళ్లజోడుతో పాటే దిగిపోయారు. ఆడపిల్ల తరఫు మనిషి ఒకడు కుర్చీలో ముందుకి జరిగి, గొంతు సవరించుకుని, అలాంటి మనుషులు ఎక్కడైనా మొట్టమొదట అడిగే ప్రశ్నే అడిగాడు.

"అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"ఇప్పటిదాకా మంచి ఉద్యోగమే చేసేవాడు బాబాయ్" అంది ఆమె. "నువ్వే తీసేశావు."